ఇప్పుడు నాటొద్దు, గోతులు తవ్వించు

అమ్మలూ,

పెద్దమ్మ దీవెనలు. గుంటూరులో కొత్తింట్లో దిగావో లేదో, నర్సరీకి వెళ్లి ఆటో నిండా మొక్కలు తెచ్చేస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. కాస్త ఆగు. ఇది రోహిణి కార్తె. మే 25 ప్రాంతంలో మొదలై జూన్ 7 దాకా ఉంటుంది. రోళ్లు పగిలే ఎండలని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. ఉన్న చెట్లను బతికించుకో, మృగశిరకి నేల సిద్ధం చేసుకో. అంతకుమించి ఏమీ వద్దు.

మీది నల్లరేగడి నేల. వేసవి చివరికి చెయ్యి దూరేంత నెర్రెలు బారుతుంది. అలాంటి పాదులో ఎన్ని బిందెలు పోసినా నీళ్లు నెర్రెల్లోంచి కిందికి పోతాయే తప్ప వేళ్లకి అందవు. సాయంత్రం పూట పైపైన రెండంగుళాల మేర పారతో గుల్ల చేసి, ఆ మట్టితోనే నెర్రెలు పూడ్చు. మర్నాడు తెల్లవారుజామున నెమ్మదిగా తడిపి, పైన ఎండుగడ్డో, వేరుశనగ తొక్కలో, కొబ్బరి పీచో మూడంగుళాల మందాన కప్పు. కాండానికి మాత్రం ఆనించకు, చెదలు పడతాయి.

ఆ పెద్ద మామిడికి మొదట్లో నీళ్లు పోయకు. నీళ్లు పీల్చే సన్న వేళ్లు కొమ్మల చివర నీడ పడేచోట ఉంటాయి, పాదు అక్కడ తీయాలి. కుండీలకైతే రెండు పూటలా పోయాల్సిందే. సాయంత్రం పైపు తిప్పగానే వచ్చేవి సలసల కాగే నీళ్లు, అవి ముందు గచ్చు మీద వదిలెయ్యి.

మిట్టమధ్యాహ్నం బెండ, గుమ్మడి ఆకులు వాలిపోయాయని కంగారుపడి నీళ్లు కుమ్మరించకు. పొద్దు వాలాక అవే లేస్తాయి. పొద్దున్నే వాలి ఉంటే మాత్రం రెండు కణుపుల దాకా మట్టిలో వేలు పెట్టి చూడు. తడి తగిలిందంటే నీళ్లెక్కువై వేరు కుళ్లుతోందేమో.

టమాటా పూత రాలుతోందని యూరియా వేస్తావేమో! అది బలం చాలక రాలే పూత కాదు, ఎండకి రాలేది. ఈ వేడిలో యూరియా వేస్తే ఉన్న ఆకులూ మాడతాయి. మల్లె అంటుకి కత్తెర పెట్టకు, ఆ పని నవంబరు చివర్లో. మందార కొమ్మ మీద చీమలు బారులు తీరితే పైన పిండినల్లి ఉందన్నమాటే. ఆకుల అడుగున నీళ్లు జోరుగా కొట్టి, సాయంత్రం లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి చల్లు. ఎండలో చల్లితే మందు కన్నా మంట ఎక్కువ.

ఇక గోతులు. మామిడికి, కొబ్బరికి పొడవు, వెడల్పు, లోతు మూడూ మీటరు ఉండాలి. బొప్పాయికి, కరివేపాకుకి అడుగున్నర చాలు. పై మట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క పోయించు. రెండు వారాలు ఆ గొయ్యి ఎండకి ఎండితే మట్టిలోని పురుగులు, గుడ్లు చాలావరకు చస్తాయి. తర్వాత పై మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి, నేలకన్నా జానెడు ఎత్తుగా నింపించు, వానకి అదే దిగుతుంది. పచ్చి పేడ వేస్తామంటే ఒప్పుకోకు. దాంతో వేరుపురుగు వస్తుంది.

మునగ కాపు అయిపోయింది కదా, మీటరు ఎత్తున కొట్టించెయ్యి. ఆ కొమ్మలు ఈదురుగాలికి పుటుక్కున విరుగుతాయి. వానలు మొదలైతే గొంగళి పురుగులు కూడా దిగుతాయి, అప్పుడు చెట్టు కిందికి వెళ్లలేవు. మణికట్టంత లావున్న కొమ్మలు రెండు నీడన దాచు, వానలు పడ్డాక పాతుదువుగాని.

తొలి జల్లు నమ్మొద్దు. ఒక్క వాన కురిసి పది రోజులు మళ్లీ ఎండ కాస్తే మొలకలన్నీ మాడిపోతాయి. నేల జానెడు లోతు తడిసాకే బీర, సొర, కాకర గింజలు పెట్టు. కాకర పెంకు గట్టిది, ఒక రోజంతా నానబెట్టు. మరీ చేతులు ఊరుకోకపోతే వంగ, మిరప నారు ఇప్పుడే నీడపట్టున ట్రేలో పోసుకో. నెల పైన పడుతుంది నాటడానికి, అప్పటికి వానలు కుదురుకుంటాయి.

గోతులు తవ్వే మనిషిని పొద్దున 6 గంటలకే రమ్మను, 9 దాటాక మజ్జిగ ఇచ్చి పంపించెయ్యి. విత్తనాలు కొనకు, మన పెరట్లోవి మీ అమ్మతో పంపిస్తాను. సొర గుండ్రంది కావాలో పొడుగుది కావాలో ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ