‘కిడ్నాప్డ్’ మీద చెయ్యి వేసే ముందు

చిన్నీ,

స్టీవెన్‌సన్ నవల ‘కిడ్నాప్డ్’కి పాఠ పరిష్కరణ చేయడానికి, అంటే ప్రతులు పోల్చి రచయిత అసలు మాట తేల్చడానికి, ఎడిన్‌బరా వస్తున్నావని మీ అమ్మ చెప్పగానే ఇరుగుపొరుగు అందరికీ చాటింపు వేశాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఓడలూ కత్తియుద్ధాలూ ఉన్న నవల కదా, హాయిగా సాగిపోతుందనుకుంటున్నావేమో. నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి కథ ఎటు పోయిందో తెలియదు, కామాలే మిగులుతాయి. ఏళ్ళ తరబడి ఇదే పనిలో కళ్ళు పోగొట్టుకున్న పెద్దమ్మ చెప్తోంది, విను.

మొదటి పనులు నీకు తెలిసినవే. 1886 మే నుంచి జులై దాకా ‘యంగ్ ఫోక్స్’ అనే పిల్లల పత్రికలో వచ్చిన సీరియల్, అదే ఏడాది కాసెల్ వాళ్ళు వేసిన పుస్తకం, కాలిఫోర్నియాలో హంటింగ్టన్ లైబ్రరీలో ఉన్న రాతప్రతి, మూడూ పోల్చాలి. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు చూడాలి. కామాలు కూడా పైకే చదవండి. స్కాన్‌లో కనిపించేది చుక్కో మరకో అసలు ప్రతి చూసేదాకా తేల్చకు. వేమన పద్యాలకు బ్రౌన్ దొర ఎన్ని ప్రతులు తెప్పించి పండితుల చేత పోల్పించాడో మురిసిపోతూ వ్యాసం రాశావు కదా, ఆ ఓపిక ఇప్పుడు నువ్వు చూపించు.

నా భయం వేరే. తప్పు కనిపిస్తే నీ చెయ్యి ఊరుకోదు. అక్క పెళ్ళి శుభలేఖలో అక్షరదోషాలు దిద్ది, దిద్దిన కార్డునే మీ బాబాయి చేతికిచ్చి తిట్లు తిన్నదానివి. అందుకే ‘ది బీచ్ ఆఫ్ ఫలేసా’కి పట్టిన గతి నీకు చెప్పాలి.

అది స్టీవెన్‌సన్ సమోవాలో ఉండగా రాసిన కథ. విల్ట్‌షైర్ అనే తెల్ల వ్యాపారి ఒక దీవిలో దిగుతాడు. అక్కడి ఇంకో వ్యాపారి అతనికి ఊమా అనే పిల్లతో దొంగపెళ్ళి చేయిస్తాడు. ఆ పిల్ల చేతికి ఒక పెళ్ళి పత్రం ఇస్తారు. అందులో ఏముందో ఆమెకు తెలియదు. ఈ పెళ్ళి ఒక్క రాత్రికే, మర్నాడు పొద్దున ఈమెను నరకానికి తోలేసే హక్కు అతనికి ఉంది అని రాసి ఉంటుంది. ఆమె దాన్ని బంగారంలా దాచుకుంటుంది. చదువుతుంటే ఒళ్ళు మండుతుంది. మండాలనే రాశాడు మహానుభావుడు. 1892లో ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ పత్రిక వాళ్ళు ఆ పత్రాన్నే ఎత్తేశారు. మరుసటి ఏడాది పుస్తకంలో పత్రమైతే వచ్చింది గానీ ఒక్క రాత్రి కాస్తా ఒక్క వారమైంది. రచయిత సమోవాలో, అచ్చు లండన్‌లో, మధ్యలో వారాల తరబడి సాగే ఓడ టపా. వాళ్ళ దృష్టిలో అది చిన్న సవరణ, మర్యాద కోసం. తొంభై ఏళ్ళ పాటు జనం ఆ మర్యాదనే చదివారు. 1984లో బ్యారీ మెనికాఫ్ అనే పరిశోధకుడు రాతప్రతి నుంచి అసలు పాఠం తెచ్చి వేశాడు.

ఆ పుస్తకం వచ్చిన కొత్తలో మా గదిలో జరిగిన గొడవలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఇక రాతప్రతే వేదం అన్నవాళ్ళున్నారు. వాళ్ళతోనూ పడలేదు నాకు. ప్రూఫుల మీద స్టీవెన్‌సన్ తానే మనస్ఫూర్తిగా మార్చుకున్నవీ ఉంటాయిగా, వాటినేం చేస్తావు? ప్రతి మార్పు దగ్గరా ఆగి ఇది ఎవరి చెయ్యి అని అడుగు. రచయితదా, అచ్చు అక్షరాలు కూర్చిన కంపోజిటర్‌దా, సంపాదకుడిదా? తేలకపోతే తేలలేదని రాయి. సిగ్గుపడాల్సిందేం లేదు.

నీ పుస్తకంలోనే ఒక గుంట ఉంది. కథ నడిచేదే స్కాట్లండ్‌లో జరిగిన ఆపిన్ హత్య చుట్టూ కదా, అది నిజంగా జరిగింది 1752 మే 14న. నవలలో 1751. నీ పెన్సిలు లేస్తుందని నాకు తెలుసు. తన స్నేహితుడు చార్ల్స్ బాక్స్టర్‌కి రాసిన అంకితంలో స్టీవెన్‌సనే ఈ సంగతి ఎత్తి, తనను తాను ఆటపట్టించుకున్నాడు. సముద్రంలోని టోరన్ రాళ్ళు ఎరైడ్ దీవికి అంత దగ్గరికి ఎలా జరిగాయో కూడా అక్కడే అడుగుతాడు. తెలిసి చేసిన మార్పది. కింద నోట్ రాసుకో, పాఠం జోలికి పోకు.

సరే, తిట్లు చాలు. గంటకోసారి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళు. ఇక్కడ డిసెంబరులో మూడున్నర దాటగానే చీకటి పడిపోతుంది, దీపం కింద మైక్రోఫిల్ము చూస్తూ కూర్చోకు. నేను అలా కూర్చునే ఇప్పుడు మందుచుక్కలతో బతుకుతున్నాను. నీ మొదటి అధ్యాయం పాఠాంతరాల పట్టిక మీ ప్రొఫెసర్ కంటే ముందు నాకు పంపించు.

ఉద్యోగం ఎప్పుడని మీ నాన్న అడుగుతున్నాడట. ఆదివారం నేనే ఫోన్ చేసి మాట్లాడతాను, నువ్వు మధ్యలో దూరకు.

పెద్దమ్మ