విధిని నమ్మే మనిషీ, అస్సలు నమ్మని మనిషీ ప్రేమించుకుంటే కాపురం నిలుస్తుందా?

నిలుస్తుంది. మాది 11 ఏళ్ళుగా నిలిచే ఉంది. నేను నమ్మను, మా ఆయన నమ్ముతాడు. ఇలాంటి ప్రశ్నకి అందరూ "ఒకరి నమ్మకాన్ని ఒకరు గౌరవించుకోవాలి" అంటారు గానీ మా ఇంట్లో గౌరవం కంటే వెక్కిరింతే ఎక్కువ, అయినా బానే ఉన్నాం.

ముందు నా సంగతి చెప్తా. మాది బెజవాడ. నాన్న నాస్తికుడు, అంటే పండక్కి పులిహోర తినేసి పూజకి మాత్రం రాని రకం కాదు, నిఖార్సయిన నాస్తికుడు. గోరా గారు 1940లో ముదునూరులో పెట్టి 1947లో బెజవాడకి మార్చిన నాస్తిక కేంద్రం ఉంది కదా, వాళ్ళు నిప్పుల మీద నడిచి చూపించేవాళ్ళు, ఇందులో మహిమా లేదు మంత్రమూ లేదు ఎవరైనా నడవొచ్చు అని. చిన్నప్పుడు నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని అది చూపించాడు. అలా పెరిగి స్టాటిస్టిక్స్ చదివి ఇప్పుడు కాలేజీలో అదే చెప్తున్నా.

తనది కాకినాడ. రాజమండ్రిలో ఫ్రెండ్ పెళ్ళి చూసుకుని గౌతమి ఎక్కితే నాకు ఆర్‌ఏసీ, తనకీ ఆర్‌ఏసీ, ఇద్దరికీ కలిపి 23వ నంబర్ సైడ్ లోయర్. రాత్రంతా కాళ్ళు ముడుచుకుని కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం, వేరే దారి లేదు మరి. తర్వాత ఎప్పుడో "మనం కలవడం రాసిపెట్టి ఉంది" అన్నాడు. రాసింది రైల్వే కంప్యూటర్, ఇంకొక్క టికెట్ ఎవరైనా క్యాన్సిల్ చేసుంటే నాకు ఫుల్ బెర్తు వచ్చేది, హాయిగా పడుకునేదాన్ని, నీ మొహం కూడా చూసేదాన్ని కాదు అన్నా. "ఆ ఒక్కడూ క్యాన్సిల్ చేసుకోలేదు చూడు, అదే" అన్నాడు. ఇలాంటోడితో ఏం వాదిస్తాం.

ఇళ్ళల్లో చెప్పాక అసలు గోల మొదలైంది. వాళ్ళమ్మగారు జాతకం అడిగారు. మా నాన్న "రాయించలేదండి, పుట్టిన టైము హాస్పిటల్ కాగితంలో ఉంది, ఇమ్మంటారా?" అన్నాడు. ఆవిడ తీసుకుని ఎవరికో చూపించారు కూడా. 36కి 19 గుణాలు వచ్చాయట, 18 దాటితే చాలట. సగం మార్కులకి ఇంత కంగారెందుకో నాకర్థం కాలేదు.

చివరికి ఒప్పందం ఏంటంటే రిజిస్టర్ పెళ్ళి, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద. పంతులు లేడు, ముహూర్తం లేదు. తను ఒప్పుకున్నాడు, "నేనేం అడగను" అన్నాడు పాపం. నోటీసిచ్చి 30 రోజులు ఆగాం. ఆఫీసువాళ్ళు ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున 10:30కి రమ్మన్నారు.

వెళ్ళాం. సాక్షులు ముగ్గురూ వచ్చారు. తీరా లోపలికి పిలిచే టైముకి మా ఆయన జేబులు తడుముకుని, వాళ్ళ ఫ్రెండ్ ఆధార్ జిరాక్స్ మర్చిపోయా అన్నాడు. వెళ్ళాడు. అరగంటైనా రాడు. వచ్చి కరెంట్ లేదన్నాడు. ఇంకోసారి వెళ్ళాడు. ఈలోపు మా నాన్న రెండు టీలు తాగేశాడు, గుమాస్తా మూడుసార్లు బయటికొచ్చి మమ్మల్ని చూసి లోపలికెళ్ళాడు, పట్టుచీరలో చెమటలు కక్కుతూ నాకైతే వీడు పెళ్ళి వద్దనుకుంటున్నాడేమో అని కూడా అనిపించింది. 12 దాటాక జిరాక్సుతో ప్రత్యక్షమయ్యాడు, మొహం వెలిగిపోతోంది. మేం సంతకాలు పెట్టింది 12:07కి, గోడ గడియారం చూశాను కాబట్టి గుర్తు.

సాయంత్రం అడిగితే ఒప్పేసుకున్నాడు. శుక్రవారం 10:30 నుంచి 12 దాకా రాహుకాలం. జిరాక్స్ మొదట్నించీ చొక్కా జేబులోనే ఉంది. "ముహూర్తం అడగనన్నాను, అడగలేదు కదా" అంటాడు!

కోపం వచ్చిందా అంటే వచ్చింది. కానీ ఒకటి చెప్తా, తన దారిన తను ఎండలో తిరిగాడు గానీ నన్నేమీ చెయ్యమనలేదు. నాకు తెలిసిన హేతువాదులు కొందరున్నారు, ఫేస్‌బుక్‌లో రోజూ మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు, సొంత పెళ్ళికొచ్చేసరికి "అమ్మ బాధపడుతుంది" అని ముహూర్తం, కట్నం రెండూ కానిచ్చేస్తారు. వాళ్ళకంటే మా ఆయన నయం కాదూ.

ఇంకోటి, విధిని నమ్మే మగాళ్ళతో కాపురం తేలిక, ఇది నా గట్టి అభిప్రాయం. శాంపిల్ ఒక్కడే, స్టాటిస్టిక్స్ మేడమ్ ఇలా మాట్లాడకూడదు, అయినా మాట్లాడతా. తన ఫ్రెండొకడు చీటీ డబ్బులు 2 లక్షలు ఎగ్గొట్టి ఊరొదిలి పోయాడు. మా ఆయన "మనకి ప్రాప్తం లేదు" అని ఆ రాత్రే గుర్రు పెట్టి పడుకున్నాడు. నేను నెలరోజులు ఎక్సెల్ షీటు ముందేసుకుని ఎవరిది తప్పో వెతికాను, దొరికింది కూడా, దాంతో ఏం చేసుకోవాలో తెలీలేదు. కాకపోతే షుగర్ టెస్టుకి వెళ్ళమంటే కూడా "రాసుంటే వస్తుంది" అంటాడు, అక్కడ మాత్రం ఊరుకోను, చెయ్యి పట్టుకుని లాక్కెళ్తా.

ఇంతకీ ఇప్పటిదాకా తనకి చెప్పని ముక్క ఒకటుంది. క్యాలెండర్లో వేసే రాహుకాలం ఆరింటికి తెల్లారి ఆరింటికి పొద్దుగుంకే రోజు లెక్క. అసలు పద్ధతి ప్రకారమైతే పగలుని ఎనిమిది భాగాలు చెయ్యాలి, శుక్రవారానికి నాలుగోది. ఫిబ్రవరి మధ్యలో బెజవాడలో సూర్యుడొచ్చేది 6:35 ప్రాంతంలో, పోయేది 6:10 ప్రాంతంలో. లెక్కేసి చూడండి, రాహుకాలం 10:55 దాటాక మొదలై 12:20 దాకా ఉంటుంది. అంటే అంత ఎండలో అన్ని తిప్పలు పడి సరిగ్గా రాహుకాలంలోకే తీసుకొచ్చి సంతకం పెట్టించాడు. ఆ రాత్రే కాగితం మీద వేసి చూసుకుని నవ్వాపుకోలేక బాత్రూంలోకెళ్ళి తలుపేసుకున్నా. గొడవల్లో ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశా.

మొన్న పెళ్ళిరోజు మళ్ళీ శుక్రవారమే పడింది. హోటల్‌కి భోజనానికి వెళ్దామంటే 12 దాటాక బయల్దేరదాం అన్నాడు, యథాప్రకారం. 12 కొట్టగానే తాళం తీసుకుని గుమ్మంలో నించున్నాడు. నేను చెవిదిద్దు కనపడట్లేదని ఇల్లంతా వెతుకుతూ 12:25 దాకా లాగాను. దిద్దు నా గుప్పిట్లోనే ఉంది.