టెక్ సందేహాలు: ల్యాండ్‌లైన్ సెట్టింగులు ఇంటి ఆటోమేషన్‌కు చిక్కుతాయా?

ప్రశ్న: హనుమకొండలోని మా ఇంట్లో లైట్లు, బోరు మోటారు హోమ్ అసిస్టెంట్ అనే ఇంటి ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తున్నాయి. ఫైబర్ కనెక్షన్‌తో పాటు ల్యాండ్‌లైన్ కూడా ఉంది. రాత్రి 10 దాటాక అది మోగకుండా, కాల్స్ నా సెల్‌ఫోన్‌కు మళ్లి, తెల్లవారాక మళ్లీ మామూలుగా మోగేలా ఆటోమేషన్‌లో పెట్టవచ్చునా?

జవాబు: పెట్టవచ్చు. అయితే ఏ సెట్టింగు ఎక్కడ ఉంటుందో ముందుగా గమనించాలి. మోటారు స్టార్టర్ మీ గోడకే ఉంటుంది కనుక హోమ్ అసిస్టెంట్ దాన్ని ఆన్ చేయగలదు, ఆన్ అయిందో లేదో చూసుకోగలదు. కాల్ ఫార్వర్డింగ్ (కాల్‌ను వేరే నంబరుకు మళ్లించడం) మాత్రం టెలికాం కంపెనీ సర్వర్‌లో నమోదయ్యే ఆదేశం. ఫైబర్ మోడెం మీ ఫోన్‌ను ఇంటర్నెట్ ద్వారా కాల్స్ నడిపే ‘సిప్’ అనే పద్ధతిలో ఆ సర్వర్‌కు కలుపుతుంది. ఆ సర్వర్‌లోని మీ ఖాతా పాస్‌వర్డును గాని, బయటి ప్రోగ్రామ్‌తో సెట్టింగులు మార్చుకొనే వీలును గాని ఇళ్ల కనెక్షన్లకు సాధారణంగా ఇవ్వరు. జర్మనీలో విరివిగా వాడే ఫ్రిట్జ్‌బాక్స్ రౌటర్లలో మళ్లింపు నియమాలు రౌటర్‌లోనే ఉంటాయి కాబట్టి హోమ్ అసిస్టెంట్ తెర మీద అవి స్విచ్‌లుగా కనిపిస్తాయి. అక్కడివారి వీడియోలు చూసి మన మోడెంలో ఆ స్విచ్ కోసం వెతకడం వృథా ప్రయాస.

ఫార్వర్డింగ్ కోడ్‌ను రాత్రి ఒకసారి, ఉదయం ఒకసారి ఏదైనా పరికరంతో డయల్ చేయించే మార్గం కూడా ఉన్నది గాని, నేను దాన్ని సిఫారసు చేయను. ఒకనాడు ఆ డయలింగ్ విఫలమైతే తెర మీద ‘ఆన్’ అనే ఉంటుంది, ఫోన్ మాత్రం అర్ధరాత్రి ఇంట్లోనే మోగుతుంది.

అందువల్ల కంపెనీ వైపు సెట్టింగును రోజూ కదిలించకుండా, ఎవరూ ఎత్తనప్పుడు మాత్రమే కాల్ మీ సెల్‌కు మళ్లేలా ఒక్కసారి పెట్టి వదిలేయండి. దాని కోడ్ కంపెనీని బట్టి మారుతుంది కనుక కస్టమర్ కేర్‌ను అడగండి. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌ఫోన్‌కు చేసేటప్పుడు ముందు 0 నొక్కాలన్న నిబంధన 2021 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. మళ్లింపు నంబరుకూ 0 చేర్చాలా అన్నది అప్పుడే అడిగి తెలుసుకోండి. ఇక ఆటోమేషన్‌కు మిగిలే పని ఇంట్లో మోగనివ్వడం, మోగనివ్వకపోవడం మాత్రమే. మీది కార్డ్‌లెస్ ఫోన్ అయితే దాని బేస్‌ను స్మార్ట్ ప్లగ్‌కు పెట్టి, రాత్రి 10కి ఆఫ్, ఉదయం ఆన్ అయ్యేలా చేస్తే చాలు. బేస్ ఆగిపోతే ఆ ఫోన్ నుంచి 112కు కూడా కాల్ చేయలేరు. కాబట్టి రింగర్ ఆపేసిన మామూలు తీగ ఫోన్ ఒకటి అదే లైనుకు తగిలించి ఉంచండి. దానికి కావలసిన కరెంటు మోడెం నుంచి ఫోన్ తీగ ద్వారానే అందుతుంది.

ఎవరి కాల్ మోగాలి, ఎవరిది మోగకూడదు అని కూడా నిర్ణయించుకోవాలనుకొనేవారికి ఫోన్ లైనును నెట్‌వర్క్‌కు కలిపే గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ813 వంటి అడాప్టర్, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచే ఆస్టెరిస్క్ అనే టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. ఆ అడాప్టర్‌లో ఒక సాకెట్ లైనుకు, మరొకటి ఫోన్‌కు. కాలర్ ఐడీ పద్ధతి సరిగ్గా ఎంచుకోకపోతే నంబరే కనిపించదు, అప్పుడు పెట్టిన నియమాలన్నీ నిష్ఫలం. సరదా ఉన్నవారికే ఈ దారి.

ప్రశ్న: కాజీపేటలో మా పాత రాగి తీగ ఫోన్ కరెంటు పోయినా పనిచేసేది. ఫైబర్ ఫోన్ ఎందుకు మూగబోతోంది?

జవాబు: పాత ఫోన్‌కు ఎక్స్ఛేంజ్ నుంచే 48 వోల్టులు వచ్చేవి. గాజు తీగలో వెలుతురు వస్తుంది గాని విద్యుత్తు రాదు. మోడెం అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి దానికి సరిపోయే చిన్న యూపీఎస్ కొనండి. కార్డ్‌లెస్ బేస్‌కు విడిగా బ్యాకప్ కావాలి.

ప్రశ్న: నేను గల్ఫ్‌లో ఉంటాను. జగిత్యాల దగ్గర ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. ఆమె ఆండ్రాయిడ్ ఫోన్ ఎప్పుడూ సైలెంట్‌లో పడిపోతుంది. ఇంట్లో హోమ్ అసిస్టెంట్ ఉంది. ఇక్కడి నుంచే సరిచేయవచ్చునా? ఎవరో ఫోన్ చేసి *401# నొక్కమన్నారట, అది నిజమేనా?

జవాబు: మొదటిది తప్పక వీలవుతుంది. అమ్మగారి ఫోన్‌లో హోమ్ అసిస్టెంట్ యాప్ వేసి, ‘డూ నాట్ డిస్టర్బ్’ను మార్చే అనుమతి ఇస్తే, ప్రత్యేక నోటిఫికేషన్ ఆదేశాలతో రింగర్‌ను మామూలు స్థితికి తెచ్చి శబ్దం పెంచవచ్చు. ఐఫోన్‌లో ఈ ఆదేశాలు పనిచేయవు. దూరం నుంచి అందుకోవడానికి ఇంటి రౌటర్‌లో పోర్టులు (బయటి నుంచి లోపలికి వచ్చే దారులు) తెరవకండి. నబు కాసా కంపెనీ అందించే హోమ్ అసిస్టెంట్ క్లౌడ్‌కు చందా కట్టడం మేలు.

రెండోది మోసం. *401# తర్వాత వాళ్లు చెప్పిన నంబరు కలిపి నొక్కితే కాల్స్ వాళ్లకు మళ్లుతాయి, ఫోన్‌లో చెప్పే ఓటీపీలు కూడా వాళ్లకే వినిపిస్తాయి. ఈ రకం మోసాల వల్లనే టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఇలాంటి కోడ్‌లతో జరిగే ఫార్వర్డింగ్‌ను నిలిపివేయాలని కంపెనీలను ఆదేశించింది. అయినా ఒకసారి చూసుకోవడం మంచిది. *#21# నొక్కితే కాల్స్ అన్నీ ఎక్కడికైనా మళ్లుతున్నాయేమో కనిపిస్తుంది, ##002# నొక్కితే మళ్లింపులన్నీ రద్దవుతాయి. మీ కంపెనీ నెట్‌వర్క్‌లో ఈ కోడ్‌లకు జవాబు రాకపోతే ఫోన్ యాప్‌లోని కాల్ సెట్టింగుల్లో కాల్ ఫార్వర్డింగ్ తెరిచి, అక్కడ తెలియని నంబరు ఉంటే తొలగించమని పక్కింటివారి ద్వారానైనా అమ్మగారికి చెప్పించండి.