ఎస్‌డీసీ ఫెయిల్ అయింది సరే, బాక్సులో అది ఏ డిస్క్?

మీరు అడిగింది ఇది: నాలుగు డిస్కులతో లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ 5 (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా డిస్కులను కలిపే పద్ధతి) నడుస్తోంది, ఎస్‌డీసీ (లైనక్స్ ఒక డిస్క్‌కి ఇచ్చిన పేరు) ఫెయిల్ అయిందని మెయిల్ వచ్చింది, ముందువైపు చూస్తే నాలుగు ట్రేలూ ఒకేలా ఉన్నాయి, ఏది బయటికి లాగాలి?

ఎడమ నుంచి ఏ, బీ, సీ అని లెక్కపెట్టి మూడోది మాత్రం లాగకండి. ఆ అక్షరాలు కెర్నల్ (లైనక్స్ మూలభాగం) డిస్కులను గుర్తించిన వరుసలో ఇచ్చినవి. రీబూట్ అయితే నిన్నటి సీ ఇవాళ డీ కావచ్చు. ఎన్నిసార్లు రీబూట్ చేసినా మారనిది సీరియల్ నంబర్. నేను సర్వర్ గదిలోకి వెళ్లేముందు ఆ నంబర్ కాగితం మీద రాసుకుంటాను, ఫోన్లో ఫొటో కూడా తీసుకుంటాను.

డిస్క్ ఇంకా కాస్త పలుకుతుంటే పని సులువే. డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌కు మైనస్ ఐ ఇచ్చి డిస్క్ పేరు రాస్తే మోడల్, సీరియల్ రెండూ చూపిస్తుంది. పనిలో పనిగా మైనస్ ఏ ఇచ్చి మిగతా లెక్కలు కూడా చూడండి. ఆ పట్టికలో 5వ నంబర్ రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోతే వేరేచోటికి మార్చినవి), 197వది పెండింగ్ సెక్టార్లు (చదవడానికి ఇబ్బంది పెడుతున్నవి). ఇవి పెరుగుతుంటే డిస్క్ పోతున్నట్టే. అవి సున్నా ఉండి 199వది, అంటే సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిపోవడం) మాత్రమే పెరుగుతుంటే, ముందు కేబుల్‌నీ బ్యాక్‌ప్లేన్‌నీ (ట్రేలు గుచ్చుకునే వెనక బోర్డు) అనుమానించండి. బాగున్న డిస్క్‌ని వారంటీకి పంపి, కొత్తది పెట్టాక కూడా అదే మెయిల్ వచ్చి తల పట్టుకున్నవాళ్లను చూశాను.

అసలు టెన్షన్ డిస్క్ పూర్తిగా చచ్చిపోయినప్పుడు. స్మార్ట్‌సీటీఎల్‌కి జవాబు రాదు, డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కేలో పేరే కనిపించదు. అప్పుడు తిరగేసి వెతకాలి. బతికున్న మూడింటి సీరియల్స్ రాసుకోండి. ట్రేల మీద ఎవరైనా పుణ్యాత్ముడు స్టిక్కర్లు అంటించి ఉంటే ఆ మూడూ కొట్టేయగా మిగిలిందే పోయిన డిస్క్. స్టిక్కర్లు లేకపోతే లైట్లే దిక్కు. డీడీ కమాండ్‌తో బతికున్న డిస్కులను ఒక్కొక్కటిగా చదివించండి. ఇన్‌పుట్‌గా డిస్క్, అవుట్‌పుట్‌గా డెవ్ నల్ (రాసిందంతా పారేసే చోటు). అవుట్‌పుట్ చోట పొరపాటున డిస్క్ పేరు పడితే ఉన్న డేటా కూడా పోవచ్చు కాబట్టి ఎంటర్ కొట్టేముందు ఇంకోసారి చదవండి. ఏ ట్రే లైటు ఆగకుండా మినుకుమినుకుమంటే ఆ బే (ట్రే ఉండే అర) నంబర్ పక్కన సీరియల్ రాయండి. మూడూ అయ్యాక మిగిలిన బేలో ఉన్నది మీక్కావలసింది. అన్నీ ఒకేసారి చదివించి వెలగనిదాన్ని పట్టుకుందాం అనుకుంటే, హాట్ స్పేర్ (అవసరానికి సిద్ధంగా ఉంచిన అదనపు డిస్క్) ఉన్న సర్వర్లలో బోల్తా పడతారు. పని లేక ఊరికే కూర్చున్న స్పేర్ లైటు కూడా వెలగదు మరి.

బ్యాక్‌ప్లేన్ సపోర్ట్ చేస్తే ఇంతకన్నా మంచి దారి ఉంది. లెడ్‌మాన్ ప్యాకేజీలో లెడ్‌సీటీఎల్ అని ఉంటుంది. లొకేట్ అని ఇచ్చి డిస్క్ పేరు రాస్తే ఆ బే లైటు విడిగా వెలుగుతుంది. హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు ఉంటే దాని సొంత టూల్ వాడాలి. మెగారెయిడ్ కార్డులకు స్టోర్‌సీఎల్ఐ, హెచ్‌పీ స్మార్ట్ ఎరే కార్డులకు ఎస్ఎస్ఏసీఎల్ఐ. చనిపోయిన డిస్క్ లైటు వెలగకపోతే, బాగున్నవాటివి వెలిగించి అది ఏదో తేల్చుకోవచ్చు. పనయ్యాక లొకేట్ ఆఫ్ చేయండి, లేకపోతే తర్వాత వచ్చినవాళ్లు దాన్నే పోయిన డిస్క్ అనుకుంటారు.

సర్వర్ వేరే ఊళ్లో డేటా సెంటర్లో ఉండి, అక్కడి మనిషి చేత తీయించాల్సి వస్తే మాటల్లోనే గండం ఉంది. మా టీమ్‌లో ఒకతను ఫోన్లో "మూడో స్లాట్ తీయండి" అన్నాడు. కార్డు లెక్కలో స్లాట్లు సున్నా నుంచి మొదలవుతాయి, అవతలి కుర్రాడి లెక్క ఒకటి నుంచి. "ఇది పచ్చగానే వెలుగుతోంది సార్, అయినా తీసేయమంటారా?" అని అడిగాడు పాపం. ఇతను తీసేయమన్నాడు. అది రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6 కాబట్టి రెండో డిస్క్ లేకపోయినా సర్వర్ నిలబడింది. మీది రెయిడ్ 5, ఆ అవకాశం లేదు. అందుకే ఇప్పుడు మేం స్లాట్ నంబర్ చెప్పడం మానేశాం. లైటు వెలిగించి, "వెలుగుతున్నదాని ఫొటో పంపండి" అంటాం. బయటికి తీశాక లేబుల్ మీద సీరియల్ చదివించి, సరిపోలితేనే కొత్తది పెట్టమంటాం.

ఒకవేళ తప్పు డిస్క్ లాగి ఎరే (డిస్కులన్నీ కలిసిన రెయిడ్) ఆగిపోతే కంగారుపడి లైనక్స్ రెయిడ్ టూల్ ఎండీఏడీఎంలో కొత్త ఎరే తయారుచేసే క్రియేట్ జోలికి వెళ్లకండి. ముందు రాతలన్నీ ఆపి, తీసిన డిస్క్ తీసినచోటే పెట్టి, ఉన్న ఎరేని మళ్లీ కలిపే అసెంబుల్‌కి ఫోర్స్ ఇచ్చి చూడండి. డిస్కుల ఈవెంట్ కౌంట్లు (ప్రతి డిస్క్ మీద ఉండే మార్పుల లెక్క) దగ్గరగా ఉంటే చాలావరకు లేస్తుంది. అయినా చెయ్యి పెట్టేముందే బ్యాకప్ చూసుకోండి, ఇప్పుడు ఒక డిస్క్ తక్కువతో నడుస్తున్నారు.

కొత్త డిస్క్ యాడ్ చేశాక ప్రాక్ కింద ఎండీస్టాట్‌లో రీబిల్డ్ ఎంతవరకు వచ్చిందో కనిపిస్తుంది. పెద్ద డిస్కులైతే గంటల తరబడి పడుతుంది. ఈలోపు నాలుగు చిన్న స్టిక్కర్లు తీసుకుని, ప్రతి ట్రే ముందు దాని సీరియల్‌లోని చివరి నాలుగు అక్షరాలు రాసి అంటించేయండి. గాలి వెళ్లే కన్నాల మీద మాత్రం వద్దు.