మెలనోమా ప్రాజెక్టు తీసుకుంటే దారులు మూసుకుపోతాయా?

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాదిలో ఉన్నాను. ల్యాబ్‌లో పెంచిన మనిషి మెలనోమా కణాల్లో ట్యూమర్ యాంటీజెన్లను (రోగనిరోధక వ్యవస్థ పట్టుకోగల క్యాన్సర్ ఆనవాళ్లను) గుర్తించే ప్రాజెక్టు ఇస్తామన్నారు. ఒక్క చర్మ క్యాన్సర్ మీదే పనిచేస్తే తర్వాత ఉద్యోగం రాదేమోనని టెన్షన్‌గా ఉంది. తీసుకోనా?

జవాబు: తీసుకోండి, కానీ ఒక్క విషయం తేల్చుకున్నాకే. కణాలు పెంచడం, ఫ్లో సైటోమెట్రీ (కణాల్ని ఒక్కొక్కటిగా కొలవడం), వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్ ఉందో లేదో చూడటం), ఆర్‌టీ-పీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏ ఉందో లేదో చూడటం) ఇవన్నీ మీ చేత చేయిస్తారా, లేక సీనియర్ చేస్తుంటే పక్కన నిలబడి చూడాలా అని గైడ్‌ని ముందే అడగండి. చూడటమే అయితే ఎంత గొప్ప టాపిక్ అయినా వద్దు. ఇంటర్వ్యూలో ఎక్కువగా అడిగేది మీ చేత్తో ఏం చేశారనే.

టాపిక్ ఇరుకన్న భయం మాత్రం అక్కర్లేదు. మన టీ కణాలు (రోగనిరోధక వ్యవస్థలోని తెల్ల రక్తకణాలు) గుర్తుపట్టే క్యాన్సర్ యాంటీజెన్ తాలూకు జన్యువు మనుషుల్లో మొదట దొరికింది మెలనోమాలోనే, 1991లో శాస్త్రవేత్త థియెరీ బూన్ బృందం ప్రకటించిన మేజ్-1 అదే. తర్వాత మార్ట్-1, జీపీ100 అనే మరో రెండు మెలనోమా యాంటీజెన్లు వచ్చాయి. ఆ జీపీ100నే గురిపెట్టే టెబెంటాఫస్ప్ అనే మందుకి 2022లో కంటి మెలనోమా కోసం అమెరికాలో అనుమతి వచ్చింది. ఇదే పని నేర్చుకున్నవాళ్లు సెల్ థెరపీకి, యాంటీబాడీ మందులకి, డయాగ్నస్టిక్ కిట్లకి కూడా వెళ్లొచ్చు.

ఇక చిరాకు పెట్టే భాగం. కల్చర్‌లో కణాలు ఉన్నవి ఉన్నట్టు ఉండవు, పాసేజ్‌లు (కణాల్ని కొత్త పాత్రలోకి మార్చే విడతలు) పెరిగేకొద్దీ కొన్ని లైన్లలో (ఒకే మూలం నుంచి పెంచుతూ వచ్చే కణాల్లో) నలుపు రంగు పోతుంది, దాంతో పాటే మార్ట్-1, జీపీ100 కూడా తగ్గిపోవచ్చు. వెస్టర్న్ బ్లాట్‌లో ఆ ప్రోటీన్ గీత (బ్యాండ్) రాలేదని ప్రాజెక్టు పోయినట్టు కాదు. ఆర్‌ఎన్‌ఏ ఉందా, యాంటీబాడీ సరిగ్గా పనిచేస్తోందా, తక్కువ పాసేజ్‌లప్పుడు దాచిన కణాల్లో కనిపిస్తోందా అని వెతికితే అదే మీ థీసిస్‌లో మంచి అధ్యాయం అవుతుంది. ప్రోటీన్ లోపల ఉన్నంత మాత్రాన టీ కణానికి కనబడదు, అది ముక్కలై హెచ్‌ఎల్‌ఏ (ఆ ముక్కల్ని కణం పైన చూపించే ప్రోటీన్) మీద బయటికి రావాలి, కాబట్టి వీలైతే హెచ్‌ఎల్‌ఏ స్టెయినింగ్ కూడా చేయించమనండి.

మొదటి వారంలోనే మైకోప్లాస్మా పరీక్ష (కల్చర్‌లో కంటికి కనబడని బ్యాక్టీరియా చేరిందా అని చూడటం), ఎస్‌టీఆర్ ప్రొఫైలింగ్ (కణాలు నిజంగా చెప్పిన లైన్‌వేనా అని డీఎన్‌ఏతో తేల్చడం) గురించి అడగండి. ఎండీఏ-ఎంబీ-435 అనే లైన్‌ని ఏళ్ల తరబడి రొమ్ము క్యాన్సర్ అనుకుని వాడారు, తీరా చూస్తే అది ఎం14 అనే మెలనోమా లైన్! అడిగితే గైడ్ విసుక్కున్నా పర్లేదు, అడగండి.

పీహెచ్‌డీ ఆలోచన లేకపోతే డేటా విశ్లేషణకి ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష కూడా ఈ ఏడాదే మొదలుపెట్టండి.