ఉప్పెనలో పోయాడన్న బాబాయి ఎముకలు పెరట్లో దొరికితే: పాత కేసు నవల రాసేవారికి ఒక లాయరు జవాబు

మీరు అడిగింది ఇదీ: 1977 దివిసీమ ఉప్పెనలో కొట్టుకుపోయాడని ఇంట్లో అందరూ చెప్పే బాబాయి ఎముకలు, ఇన్నేళ్ల తర్వాత పాత ఇల్లు పడగొట్టి పునాది తవ్వుతుంటే పెరట్లో బయటపడతాయి. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న అన్న కూతురు ఆ సంగతి తేల్చుకోవాలని ఊరికి వస్తుంది. ఇంట్లో పెళ్లి చేసుకోని మేనత్త ఉంది, అనుమానం పెదనాన్న మీదికి పోతుంది. దీన్ని మనుషుల కథగా ఎలా రాయాలి, పోలీసు, కోర్టు వివరాల్లో తప్పులు దొర్లకుండా ఎలా చూసుకోవాలి అని.

నేను కృష్ణా జిల్లాలో చాలా ఏళ్లుగా సివిల్ కేసులు చూస్తున్న లాయర్ని. ఎక్కువగా భాగపంపకాల దావాలే. అందుకే నా సలహా కూడా అటువైపు నుంచే వస్తుంది. ఎవరు చంపారన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ముందు ఇంట్లో ఒక్కొక్కరికీ ఎంత తెలుసు, తెలిసినవాళ్లు ఇన్నాళ్లూ ఎందుకు నోరు విప్పలేదు అన్నది రాసుకోండి. నాయనమ్మ, పెదనాన్న, మేనత్త, పాలేరు, ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. అందరూ ఒకే భయంతో ఊరుకున్నారంటే కథ పలచబడిపోతుంది. ఒకరు ప్రేమ కొద్దీ, ఒకరు ఆస్తి కోసం, ఒకరు తిన్న ఉప్పుకి కట్టుబడి, ఒకరు అసలు సంగతి సగమే తెలిసి ఊరుకోవాలి. ఆ సగం తెలిసిన మనిషే మీ నవలకి ఆయువుపట్టు.

ఒక దావాలో చూసింది చెప్తాను, ఊరూ పేర్లూ లేకుండా. ముగ్గురు అన్నదమ్ముల్లో నడిపివాడు పెళ్లి కాకముందే ఉత్తరాదికి పోయాడనీ, ఏడేళ్లు దాటినా కబురు లేదు కాబట్టి చనిపోయినట్టే లెక్కనీ మిగతా ఇద్దరి వాదన. చట్టంలో ఆ నిబంధన ఉంది. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 108వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 111. అవతలి పక్షం, నేను అతని భార్యనని వచ్చిన ఒకావిడ. సాక్ష్యానికి పెద్ద వదినగారు బోనెక్కింది. ఉత్తరాలు వచ్చాయా, ఎక్కడెక్కడ వెతికారు, పోలీసు రిపోర్టు ఇచ్చారా అని ఎదుటి లాయరు అడిగినంతసేపూ ఆవిడ తడుముకోకుండా జవాబులు చెప్పింది. ఆఖర్న ఆయన మాటల్లో మాటగా అడిగారు: “మీ మరిదికి తద్దినం పెడుతున్నారా అమ్మా?”

“ఎందుకు పెట్టం బాబూ.”

“ఏ రోజున?”

“పుష్య బహుళ తదియ.”

ఎక్కడున్నాడో, ఎప్పుడు పోయాడో తెలియదన్న మనిషికి తిథి ఎలా తెలిసింది? తిథి తెలియనప్పుడు అమావాస్య నాడు పెట్టుకోవడం చాలా ఇళ్లల్లో ఉన్నదే. ఈవిడ మాత్రం మాసం, పక్షం, తిథి మూడూ చెప్పింది. జడ్జిగారు స్టెనో చేత ఆ జవాబు మళ్లీ చదివించారు. ఆవిడ అప్పటికి గానీ తానేమన్నదో గ్రహించుకోలేదు. బోను కర్ర పట్టుకుని పెద్దకొడుకు వైపు చూసింది. ఆ కొడుకు ఎవరి వైపూ చూడలేదు. కొద్ది వాయిదాల్లోనే రాజీ మెమో పడింది, అందులో ఆ తిథి ఊసే లేదు.

మీ కథలో కుటుంబం తద్దినాలు పెట్టే ఇల్లయితే ఇది మీకు బాగా పనికొస్తుంది. ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. అది దీపావళి వెళ్లిన వారానికి, కార్తీక శుద్ధం. ఆ రోజు పోయిన వాళ్లందరి తిథీ అక్కడే పడాలి. మీ నాయనమ్మ మాత్రం చిన్నకొడుకు పేరున జ్యేష్ఠ మాసంలో ఒక రోజు పొద్దంతా పచ్చి గంగ ముట్టకుండా ఉంటుందనుకోండి. మీ కథానాయిక చిన్నప్పటి నుంచీ అది చూస్తూనే పెరిగింది, ఎప్పుడూ అనుమానం రాలేదు. పంచాంగం దగ్గర పెట్టుకుని కూర్చున్న రోజున తెలుస్తుంది, ఉప్పెన తర్వాత ఆరేడు నెలలు బాబాయి బతికే ఉన్నాడని. ఆ ఆరేడు నెలలు ఎక్కడున్నాడు, ఎవరితో ఉన్నాడు, ఏ కబురు మోసుకుని ఇంటికొచ్చాడు? మీ నవల అంతా ఆ ఖాళీలోనే ఉంది.

దీనికి బలంగా వస్తు సాక్ష్యం ఒకటి కావాలి. ఎముకలు చూసి ఫోరెన్సిక్ డాక్టర్లు ఆడా మగా, సుమారు వయసు, ఎత్తు, పాత విరుగుళ్లు చెప్పగలరు. ఫలానా సంవత్సరంలో చనిపోయాడని మాత్రం చెప్పలేరు. సినిమాల్లో లాగా డాక్టరు చేత తేదీ చెప్పించకండి. ఆ పని వస్తువుల చేత చేయించాలి. ఎముకల మధ్య బెల్టు బకిల్, పంటి సిమెంటు, గడియారం, నాణెం ఏదైనా కావచ్చు. ఆ మట్టిలో నల్లబడిన పావలా ఒకటి దొరికి, తోమితే 1978 అని కనిపించిందంటే, ఉప్పెన కథ ఆ క్షణాన్నే అబద్ధమైపోతుంది.

ఉప్పెన ఎంచుకోవడం మాత్రం చాలా మంచి ఆలోచన. పదివేల మంది దాకా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఎవరి శవం ఎవరిదో పోల్చుకోలేక కుప్పలుగా వేసి కాల్చారు, పూడ్చారు. మా వైపు పెద్దవాళ్లు ఆ రోజుల గురించి ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు. అలాంటి విపత్తులో ఒక మనిషి పేరు జాబితాలో చేర్చేస్తే అడిగేవాళ్లెవరు? అయితే ఒక్క మాట. ఉప్పెనని మీ హత్యకి ముసుగుగా వాడుకుంటున్నారు కాబట్టి, నిజంగా పోయినవాళ్ల బాధ కూడా కథలో ఎక్కడో గట్టిగా కనిపించాలి. ఉప్పెనలో భార్యనో బిడ్డనో నిజంగా పోగొట్టుకున్న మనిషి ఒకరు అదే వీధిలో ఉండాలి. మీ పెదనాన్న చెప్పిన అబద్ధం ఆ మనిషి చెవిన పడ్డప్పుడు ఏమవుతుందో రాయండి. ఆ అధ్యాయం కోసం నేనైతే ఎదురుచూస్తాను.

ఇంకోటి, మీ తాతగారిని గ్రామ మునసబుని చేయండి. 1984 జనవరిలో రద్దయ్యేదాకా ఊళ్లో కరణం, మునసబు పదవులు చాలావరకు వంశపారంపర్యంగా నడిచేవి. చావుపుట్టుకల రిజిస్టరు మునసబు దగ్గరుండేది. అనుమానాస్పదమైన చావు జరిగితే పోలీసులకి తెలపాల్సిన బాధ్యత కూడా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 40వ సెక్షన్ కింద గ్రామాధికారులదే. అంటే పెరట్లో శవం ఉన్న ఇంటి పెద్దే ఆ శవం గురించి స్టేషన్‌కి చెప్పాల్సిన మనిషి. ఆ రాత్రి ఆయన ఒక కొడుకుని పోగొట్టుకుని, ఇంకో కొడుకుని కాపాడుకోవడానికి తన చేత్తోనే రిజిస్టరులో ఆర్నెల్ల వెనకటి తేదీ వేశాడనుకోండి. ఆయన్ని దుర్మార్గుడిగా చూపించాల్సిన పనే లేదు. అన్నట్టు అప్పటికి మండలాలు లేవు, 1985లో వచ్చాయి. పాత్రల చేత తాలూకా అనే అనిపించండి.

పోలీసుల సంగతి. ఎముకలు దొరికాయని కబురు అందగానే అనుమానాస్పద మృతి కింద కేసు కడతారు. అది పాత కోడ్‌లో 174, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 194. పంచాయతీదార్ల, అంటే స్థానిక సాక్షుల ముందు పంచనామా, డాక్టరు పరీక్ష, తర్వాత ఎముకలు ఫోరెన్సిక్ ల్యాబుకి. మీ ఎస్సైని లంచగొండిగానో హీరోగానో రాయకండి. బందోబస్తు డ్యూటీలతో సతమతమయ్యే మనిషి, ముద్దాయి బతికున్నాడో లేదో తెలియని కేసు మీద ఎన్ని రోజులు పెట్టగలడు? “ఫిర్యాదు ఎవరిస్తారమ్మా?” అని అతను మామూలుగా అడిగే ఒక్క ప్రశ్న చాలు, ఆ అమ్మాయికి రెండు రాత్రులు నిద్ర లేకుండా చేయడానికి. ఎందుకంటే సంతకం పెట్టాల్సింది సొంత పెదనాన్న మీద.

హత్యకి కాలదోషం లేదు. ఎన్నేళ్లయినా కేసు నడుస్తుంది. నేరం 1978 నాటిది కాబట్టి సెక్షన్లు పాత ఐపీసీవే పడతాయి, అంటే 302, శవాన్ని మాయం చేసినందుకు 201. ఇక్కడ మీ నవలకి పనికొచ్చే తేడా ఒకటుంది. 201 కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది కాబట్టి దానికీ గడువు అడ్డురాదు. నేరం సంగతి తెలపాల్సిన బాధ్యత ఉండి తెలపకపోవడం 202, దానికి ఆరు నెలలే శిక్ష. మూడేళ్ల లోపు శిక్షలున్న నేరాలకి గడువు ఉంటుంది, అది ఎప్పుడో దాటిపోయింది. అంటే చూసి ఊరుకున్నవాళ్లు ఇవాళ చట్టానికి చిక్కరు, గొయ్యి తవ్వడానికి లాంతరు పట్టుకున్నవాళ్లు చిక్కుతారు. నాయనమ్మ ఆ రాత్రి లాంతరు పట్టుకుందా లేదా? ఈ ఒక్క వివరం చుట్టూ ఎంత టెన్షన్ నడపొచ్చో మీకు నేను చెప్పక్కర్లేదు.

పాలేరుని మర్చిపోవద్దు. తవ్వింది అతనే అయ్యుంటాడు. చాలా కథల్లో అతను రెండు డైలాగులు చెప్పి చచ్చిపోతాడు, నాకు అది నచ్చదు. అతని పేరున 1978లో ఎకరం పొలం రిజిస్టరైందనుకోండి, ఖరీదు రాసిన కాగితం మీద, పైసా చేతులు మారకుండా. మీ అమ్మాయి ఈసీ, అంటే భూమి చేతులు మారిన వివరాల పత్రం తీయిస్తుంది. ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత వాల్యూముల్లో వెతికించాలి. కాగితం దొరికాక అతని మనవడి దగ్గరికి వెళ్తుంది. ఆ కుర్రాడికి ఆ ఎకరం తాత చెమటోడ్చి కొనుక్కున్న భూమి, వాళ్లింటి గౌరవం. ఆ అమ్మాయి అడిగే ప్రశ్న ఆ గౌరవాన్ని లాగేసుకుంటుంది. ఆవిడకి ఆ హక్కు ఉందా అన్నది మీరు తేల్చకుండా వదిలేసినా ఫర్వాలేదు, అడగకుండా మాత్రం వదలొద్దు.

మేనత్త పెళ్లి చేసుకోలేదని రాశారు. ఆవిడే నాకు అందరికన్నా ఆసక్తిగా ఉంది. మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. పెళ్లైపోయిన వాళ్లకి రాలేదు, వాళ్లు కేంద్ర చట్టం మారిన 2005 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే మీ మేనత్త చేతిలో 1985 నుంచీ హక్కు ఉంది. అన్నగారి ఇంట్లో ఓ మూల గదిలో బతుకుతూ కూడా ఎందుకు అడగలేదు? దావా వేస్తే చిన్నన్న చావు తేదీ కోర్టులో పైకొస్తుందని ఆవిడకి తెలుసా? లేక ఆవిడ ఊరుకున్నందుకే పెదనాన్న ఆవిణ్ణి ఇంట్లో ఉండనిచ్చాడా? రెండింటిలో ఏది ఎంచుకుంటారో దాన్ని బట్టి ఆవిడ గొంతే మారిపోతుంది.

డీఎన్ఏ గురించి అడిగారు కదా. మన హైదరాబాదులోనే సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారు 1980ల చివర్లో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతి తయారు చేశారు, తర్వాత దానికోసమే సీడీఎఫ్‌డీ అనే సంస్థ ఏర్పడింది. ఉప్పునీరు తిన్న నేలలో ఇన్నేళ్లున్న ఎముకలో మామూలు డీఎన్ఏ చాలావరకు చెడిపోయి ఉంటుంది. మైటోకాండ్రియా డీఎన్ఏ మిగిలే అవకాశం ఎక్కువ, తొడ ఎముక నుంచో దంతాల నుంచో తీస్తారు. అది తల్లి వైపు నుంచే వస్తుంది. కాబట్టి పోల్చడానికి మీ కథానాయిక రక్తం పనికిరాదు, ఆవిడ అన్న కూతురు. నాయనమ్మది గానీ, ఒకే తల్లి బిడ్డ అయితే మేనత్తది, పెదనాన్నది లాంటి తోబుట్టువుల రక్తం గానీ కావాలి. “ఒకే తల్లి బిడ్డ అయితే” అన్న చోట మీ రెండో రహస్యం పెట్టుకోవచ్చు. నాయనమ్మది కలిసి మేనత్తది కలవకపోతే ఆ ఇంట్లో ఇంకో కథ బయటికొస్తుంది. అనుమానితులు కాని బంధువుల దగ్గర మామూలుగా వాళ్లు ఒప్పుకుంటేనే రక్తం తీసుకుంటారు. అంటే నాయనమ్మ, మేనత్త ఇద్దరూ కాదంటే అక్కడితో ఆగిపోవచ్చు.

అందుకే మొదటి అధ్యాయంతో మొదలుపెట్టొద్దంటాను. ఎముకలు బయటపడే సీన్ ఎవరైనా రాస్తారు. మీరు ముందుగా ఆ అమ్మాయి తొంభై దాటిన నాయనమ్మ మంచం పక్కన కూర్చుని రక్తం ఇవ్వమని అడిగే సీన్ రాయండి. గదిలో మేనత్త కూడా ఉండాలి, పెదనాన్న దగ్గు వరండాలోంచి వినబడుతుండాలి. ఎముకలు అన్న మాట ఎవరూ నోటితో అనకూడదు. పది పేజీలు పట్టినా తొందరపడకండి. అది రాశాక ఎవరికి ఎంత తెలుసో మీకే తేలిపోతుంది, అప్పుడు నేను పైన చెప్పిన కాగితాల్లో ఏది ఉంచాలో ఏది తీసేయాలో చూసుకోండి. ఆ సీన్ ఇక్కడ పెడితే తప్పకుండా చదువుతాను. బోనులో సాక్షులు మాట్లాడే తీరు గురించి అడగాలన్నా మొహమాటపడకండి.