ముక్కలు లెక్కపెట్టే యాప్ వాడితే కేసు పడుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. పందెం లేని ఒక ఆన్‌లైన్ కార్డుల ఆటలో కొత్త కార్డుల కోసం ఇప్పటికి 3,200 రూపాయలు కట్టాను. నా కట్టలో ఇంకా ఏ కార్డులు మిగిలాయో చూపించే బయటి ట్రాకర్ వాడుతున్నానని అకౌంట్ మూసేశారు. ఇది మోసమా? కేసు పెడతారా? నా డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: ట్రాకర్ వాడినంత మాత్రాన నేరం కాదు. అది ఏ సమాచారం చూస్తోంది, ఎక్కడి నుంచి తీసుకుంటోంది అన్నదే చూడాలి.

మీ కట్టలో 30 కార్డులున్నాయి, 9 చేతికి వచ్చేశాయి అనుకోండి. మీకు కావలసిన కార్డు రెండు కాపీలూ ఇంకా లోపలే ఉన్నాయి. 21లో 2, అంటే తర్వాత వచ్చేది అదే కావడానికి దాదాపు 9.5 శాతం అవకాశం. కాగితం, పెన్ను ఉంటే ఎవరైనా వేసుకోగల లెక్క ఇది. మీ కంప్యూటర్‌లోనే ఆట రాసిపెట్టే లాగ్ ఫైల్ చదివి ట్రాకర్ ఇంతవరకే చెబితే, ఎవరి సొత్తూ దొంగిలించినట్టు కాదు. మ్యాజిక్ ది గ్యాదరింగ్ అరీనా అనే ఆన్‌లైన్ కార్డుల ఆటలోనైతే ఇలాంటి టూల్స్ కోసం వివరమైన లాగ్‌లు ఆన్ చేసుకునే సెట్టింగే ఉంది.

అదే టూల్ ఎదుటివారి చేతిలో కార్డులు బయటపెట్టినా, కంపెనీ సర్వర్‌లోకి దూరినా మాట మారిపోతుంది. అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్ నుంచి డేటా లాగడం ఐటీ చట్టం సెక్షన్ 43 కిందకు వస్తుంది. దాన్ని దురుద్దేశంతో చేస్తే సెక్షన్ 66 ప్రకారం 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మీరు చెప్పినదాన్ని బట్టి మీకు ఆ భయం అక్కర్లేదు.

నేరం కానిదంతా న్యాయమైపోదు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడేదని 1968లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాల్సి రావడాన్నే అందుకు ఒక కారణంగా చూపింది. ఆ గుర్తుపెట్టుకునే పనిని యాప్‌కు అప్పగించి, అటువైపు తలలోనే లెక్క వేసుకుంటున్న మనిషితో ఆడటం, నిబంధనలు ఒప్పుకోనప్పుడు, అన్యాయమేనని నా అభిప్రాయం. నిబంధనలు ఒప్పుకుంటే అందరికీ ఒకే వీలు ఉన్నట్టే, అప్పుడు తప్పులేదు.

డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్‌లో అసలు ట్రాకర్ ప్రశ్నే రాదు. మన రాష్ట్ర గేమింగ్ చట్టానికి 2020లో చేసిన సవరణ ఆన్‌లైన్ పందేలను నిషేధించింది, ఆడేవారికీ శిక్ష ఉంది. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం అలాంటి ఆటలు నడిపేవారికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పెట్టింది.

ఇక మీ 3,200. "ఒప్పుకుంటున్నాను" అని నొక్కిన నిబంధనల్లో బయటి టూల్స్ వద్దని స్పష్టంగా ఉంటే మీ వాదన బలహీనం. లేకపోతేనో, ఏ నిబంధన మీరారో చెప్పకుండా మూసేస్తేనో, అడగొచ్చు. అకౌంట్ మూసిన మెయిల్, చెల్లింపుల వివరాలు, ఆ రోజుకు ఉన్న నిబంధనల పేజీ ముందు దాచుకోండి. నిబంధనలు ఎప్పుడైనా మార్చేస్తారు, తర్వాత దొరకవు. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టి, ఏ నిబంధన ప్రకారం మూశారో అడగండి. 15 రోజుల్లో సరైన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడా తేలకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరు ఉంటున్న చోటే వేయవచ్చు, 5 లక్షల లోపు ఫీజు లేదు, గడువు 2 ఏళ్లు. ప్రింటవుట్లకు, ఎలక్ట్రానిక్ ఆధారాల కోసం భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 అడిగే సర్టిఫికెట్ జతచేయండి. అయితే ఆ నిబంధనే అన్యాయమైన ఒప్పందం అని వాదించాలంటే జిల్లా కమిషన్‌కు అధికారం లేదు, రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి. ఇక్కడ పొరపాటు చేస్తే నెలలు పోవచ్చు.

బ్యాంకుకు ఫోన్ చేసి "ఆ చెల్లింపులు నేను చేయలేదు" అని మాత్రం చెప్పకండి. అది అబద్ధం, మీ మీదే కేసు కావచ్చు. ట్రాకర్‌ను ప్లే స్టోర్ బయటి నుంచి ఏపీకే ఫైల్‌గా వేసుకుని, దానికి ఎస్సెమ్మెస్ అనుమతి ఇచ్చి ఉంటే వెంటనే తీసేయండి, మీ ఓటీపీలు అది చదవగలదు. గేమ్ పాస్‌వర్డ్ కూడా ఇచ్చి ఉంటే ఇవాళే మార్చండి.